నాలుగు స్వరాల రాగం, శ్రోత చెవి

కట్టుబాట్లు దాటి నడిచిన సంగీతకారుల విషయంలో శ్రోతలు సాధారణంగా మధ్యేమార్గంలో నిలవరు. ఆరాధించేవారు ప్రాణం పెట్టి ఆరాధిస్తారు, తక్కినవారు ఏ చలనమూ లేకుండా తప్పుకుపోతారు, 'ఫరవాలేదు' అనే మోస్తరు మాట ఆ ఇద్దరి మధ్యా అరుదుగా వినిపిస్తుంది. అమెరికన్ రాక్ సంగీతంలో కెప్టెన్ బీఫ్‌హార్ట్ పేరుతో పాడిన డాన్ వాన్ వ్లీట్ 1969లో వెలువరించిన 'ట్రౌట్ మాస్క్ రెప్లికా' ఆల్బమ్‌ను శ్రోతలు ఇలాగే రెండు పాయలుగా చీలి విన్నారు. తెలుగు నేల మీద, అందులోనూ బెజవాడ కేంద్రంగా కృష్ణా డెల్టాలో, ఈ చీలికను మరింత దగ్గరగా పరిశీలించడానికి వీలిచ్చే పేరు కర్ణాటక గాయకుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. రాక్ సంగీతానికీ కర్ణాటక సంగీతానికీ పైకి చుట్టరికం ఏమీ లేకపోయినా, అలవాటు లేని స్వరక్రమం ఎదురైనప్పుడు వినేవారి మెదడు చేసే పని రెండు చోట్లా ఒకటే. ఆ పని ఎలా జరుగుతుందో గత ఆరేడు దశాబ్దాల్లో మనస్తత్వ శాస్త్రమూ నాడీశాస్త్రమూ కొంతమేరకు తేల్చాయి.

బాలమురళి సంప్రదాయానికి బయట పెరిగినవారు కారు. 1930 జూలై 6న తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టి, పసికందుగా ఉండగానే వైణికురాలైన తల్లి సూర్యకాంతమ్మను పోగొట్టుకుని, వేణుగాన విద్వాంసుడైన తండ్రి పట్టాభిరామయ్య పెంపకంలో విజయవాడ చేరి, ఆయన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యుడయ్యారు. పంతులుగారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన గురువు మానంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన గురువు సాక్షాత్తు త్యాగరాజస్వామి. ఎనిమిదో ఏట విజయవాడ త్యాగరాజ ఆరాధనలో పిల్లవాడు కచేరీ చేస్తే విని, హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ 'మురళీకృష్ణ' పేరు ముందు 'బాల' చేర్చారు. పదిహేనేళ్లు వచ్చేసరికి ఆ పిల్లవాడు 72 మేళకర్తల మీదా పట్టు సాధించి, ఒక్కొక్క మేళంలో ఒక్కొక్క కృతి రచించే పనికి పూనుకున్నాడు. మేళకర్త అంటే ఏడు స్వరాలూ వరుస తప్పకుండా ఉండే జనక రాగం. స్వరస్థానాల నుంచి నియమబద్ధంగా ఏడేసి ఎంచుకోవడానికి ఉన్న మార్గాలన్నిటినీ 17వ శతాబ్దంలో వేంకటమఖి గణితబద్ధం చేయగా తేలిన సంఖ్య 72. తరువాతి కాలంలో వివాదానికి కారణమైన సాహసాలన్నీ ఈ లెక్కను కంఠస్థం చేసిన మనిషి చేసినవే అన్న సంగతిని ఆయన అభిమానులూ విమర్శకులూ కూడా తగినంతగా లెక్కలోకి తీసుకోలేదు.

ఆ సాహసాల్లో ముఖ్యమైనది స్వరాల సంఖ్యను తగ్గించడం. ఆయన కల్పించిన మహతి రాగంలో షడ్జమం, అంతర గాంధారం, పంచమం, కైశిక నిషాదం మాత్రమే ఉంటాయి. లవంగిలో షడ్జమం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం. సర్వశ్రీలో షడ్జమ మధ్యమ పంచమాలు మూడే. పాత లక్షణ గ్రంథాలు మూడు స్వరాల గానాన్ని సామికమనీ, నాలుగు స్వరాలదాన్ని స్వరాంతరమనీ పేరు పెట్టి గుర్తించినా, రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలని, అంటే అది ఔడవమైనా కావాలని సంప్రదాయం స్థిరపడింది. తాళంలోనూ ఆయన ఊరుకోలేదు. తాళపు క్రియల్లోనే గతిభేదాన్ని ప్రవేశపెట్టే త్రిముఖి, పంచముఖి, సప్తముఖి, నవముఖి అనే పద్ధతిని రూపొందించారు. 1980ల తొలి ఏళ్లలో వీణ విద్వాంసుడు ఎస్. బాలచందర్ ఈ కొత్త రాగాల సృష్టి అన్న మాటనే బహిరంగంగా ఎదిరించారు. బాలచందర్‌ను ఛాందసుడని కొట్టిపారేయడానికి వీల్లేదు. గురుముఖం లేకుండా తానే వీణ నేర్చుకున్న స్వతంత్రుడు, పాటలే లేని తమిళ చిత్రం 'అంద నాళ్'ను 1954లో తీసిన దర్శకుడు ఆయన. మరోవైపు అదే మహతి రాగంలో ఎం.ఎస్. విశ్వనాథన్ 1975 నాటి 'అపూర్వ రాగంగళ్' చిత్రానికి కట్టిన పాట లక్షణ గ్రంథం పేరైనా వినని లక్షల మందికి నచ్చింది. బాగా తెలిసినవారు ఆగ్రహించిన చోట ఏమీ తెలియనివారు ఆనందించారు. వివరణ కోరే అసలు సంగతి ఇదే.

వివరణకు పునాది ఊహ అనే మానసిక చర్యలో ఉంది. సంగీతం కలిగించే ఉద్వేగమంతా శ్రోత లోలోపల కట్టుకునే అంచనాలు నెరవేరడం, జాప్యం కావడం, తప్పిపోవడం మీద ఆధారపడుతుందని అమెరికన్ సంగీత తాత్త్వికుడు లెనార్డ్ మేయర్ 1956లో ప్రతిపాదించారు. ఈ అంచనాలు ఎక్కడి నుంచి వస్తాయన్న ప్రశ్నకు జవాబు నాలుగు దశాబ్దాల తరువాత పసిపిల్లల మీద జరిగిన ప్రయోగాల్లో దొరికింది. ఏ అక్షరం తరువాత ఏ అక్షరం తరచుగా వస్తుందో ఎనిమిది నెలల శిశువులు కేవలం రెండు నిమిషాలు విని పట్టుకోగలరని జెన్నీ సాఫ్రన్, ఆమె సహచరులు 1996లో చూపి, సంగీత స్వరాల వరుసల విషయంలోనూ అదే జరుగుతుందని మూడేళ్లకు నిరూపించారు. సాంఖ్యక అభ్యసనం అని పిలిచే ఈ ప్రక్రియకు గురువు అక్కరలేదు, శ్రద్ధ కూడా అంతగా అక్కరలేదు. చెవిన పడుతూ ఉంటే చాలు, ఏ స్వరం తరువాత ఏది రావచ్చునో మెదడు తనంతట తాను పట్టిక తయారు చేసుకుంటుంది. కాంభోజి పేరు తెలియని మనిషి కూడా గుడి మైకులో విన్న పాటల్లో ఒక స్వరం తప్పితే ముఖం చిట్లించడానికి కారణం ఈ పట్టికే.

ఆ పట్టికలో రెండు పొరలు ఉంటాయి. హిందుస్థానీ రాగాలను భారతీయ శ్రోతలకూ పాశ్చాత్య శ్రోతలకూ వినిపించి, ఏ స్వరం రాగంలో ఎంత బాగా ఇముడుతుందో చెప్పమన్న ప్రయోగాన్ని మేరీ కాస్టెలానో, జంషెడ్ భరూచా, కేరల్ క్రుమ్‌హాన్సెల్ 1984లో ప్రచురించారు. అప్పటికప్పుడు ఎక్కువసార్లు మోగిన స్వరాలకు పెద్దపీట వేయడంలో ఇరువర్గాల వారూ ఒకటే. రాగానికి ఆధారమైన థాట్, అంటే మేళం వంటి మూల స్వరవ్యవస్థ, భారతీయుల జవాబుల్లో మాత్రమే కనిపించింది. మొదటి పొర ఎవరికైనా అక్కడికక్కడ ఏర్పడుతుంది, రెండో పొర ఏళ్ల తరబడి వినికిడి వల్ల పేరుకుంటుంది. కట్టుబాటు దాటిన సంగీతకారుడు దెబ్బ తీసేది ఈ రెండో పొరను. అది లేనివారికి దెబ్బ తగలదు. గట్టిగా ఉన్నవారికి గట్టిగానే తగులుతుంది.

స్వరాలు తగ్గితే పాట తేలికవుతుందా, కష్టమవుతుందా అన్న ప్రశ్నకు సమాచార సిద్ధాంతం ఆసక్తికరమైన లెక్క చెబుతుంది. తరువాత ఏది వస్తుందో తెలియని అనిశ్చితిని ఆ సిద్ధాంతం బిట్లలో కొలుస్తుంది; రెండు సమాన అవకాశాల మధ్య తేల్చుకోవడం ఒక బిట్టు. ఏడు స్వరాలకూ సమాన అవకాశం ఉంటే ఒక్కొక్క స్వరం దగ్గర అనిశ్చితి సుమారు 2.8 బిట్లు, ఐదింటికి 2.3, నాలుగింటికి సరిగ్గా 2, మూడింటికి 1.6 మాత్రమే. నిజమైన రాగంలో అన్ని స్వరాలకూ సమాన అవకాశం ఉండదు కనుక అసలు విలువలు ఇంకా తగ్గుతాయి. ఆ లెక్కన మహతి ఏడు స్వరాల కల్యాణి కంటే సరళం కావాలి. అయితే కల్యాణికి శ్రోత జ్ఞాపకంలో వందల సంచారాలు, కృతులు, వర్ణాలు ఉన్నాయి, మహతికి ఏమీ లేవు. స్వరాల అనిశ్చితి తగ్గినా 'ఇది ఎటు పోతుంది' అనే పెద్ద అనిశ్చితి పెరుగుతుంది. పైగా నాలుగు స్వరాలతో పాడే గాయకుడికి కొత్తదనం చూపడానికి స్వరమార్గం ఇరుకు. ఆశ్చర్యమంతా లయలోనో, స్థాయిలోనో, గొంతు నాదంలోనో పుట్టాలి. వయోలా, మృదంగం, కంజీర కచేరీ స్థాయిలో వాయించగలిగిన మనిషికి, మూడు స్థాయిల్లో జంకు లేకుండా తిరిగే గొంతు ఉన్న మనిషికి అది సాధ్యమైంది. మరొకరు పాడితే ఈ రాగాలు చప్పగా ఉన్నాయని కొందరనడంలో కొంత నిజం ఉండడానికి కారణం కూడా ఇదే.

అంచనా ఆనందంగా ఎలా మారుతుందో చూపిన ప్రయోగాలు ఇటీవలివి. మాంట్రియల్‌లో వాలరీ సాలింపూర్, రాబర్ట్ జటోరె బృందం 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఒళ్లు జలదరించేంత ఇష్టమైన సంగీతం వింటున్నవారి మెదడులో డోపమిన్ అనే నాడీ రసాయనం రెండు వేర్వేరు చోట్ల విడుదలైంది: ఇష్టమైన ఘట్టం రాబోతున్నదని ఎదురుచూసేటప్పుడు కాడేట్ అనే భాగంలో, ఆ ఘట్టం వచ్చినప్పుడు న్యూక్లియస్ అకంబెన్స్ అనే భాగంలో. ఆకలి, దాహం తీరినప్పుడు పనిచేసే వ్యవస్థ ఇదే. 2019లో వెలువడిన మరో అధ్యయనంలో విన్సెంట్ చూంగ్, స్టెఫాన్ కోల్ష్ బృందం అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలోని 745 పాటల స్వర సముదాయాలను కంప్యూటర్ నమూనాతో విశ్లేషించి, ఒక్కొక్కటి ఎంత అనిశ్చితమో, ఎంత అనూహ్యమో లెక్కగట్టి, శ్రోతల ఆనందంతో పోల్చింది. ఆనందం రెండు సందర్భాల్లో ఎక్కువగా కనిపించింది: ఏం వస్తుందో శ్రోత గట్టిగా నమ్మి ఉండగా వేరేది వచ్చినప్పుడు, లేదా ఏం వస్తుందో తెలియని అయోమయంలో ఉండగా ఊహకు అందేదే వచ్చినప్పుడు. అయోమయం మీద ఆశ్చర్యం పడితే ఆనందం తగ్గింది.

ఈ ఫలితం పాశ్చాత్య పాప్ పాటల నుంచి వచ్చినది కనుక రాగ సంగీతానికి యథాతథంగా అంటగట్టకూడదు, కానీ బాలమురళి కచేరీని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి పనిముట్టు దొరకదు. అందరికీ తెలిసిన కీర్తనను అందరికీ తెలిసిన దారిలో నడిపిస్తూ, సంగతి పైకి పోవలసిన చోట మంద్రంలోకి హఠాత్తుగా దిగి గొంతును ఖర్జంలో నిలిపినప్పుడు శ్రోత మొదటి సందర్భంలో ఉంటాడు: గట్టి నమ్మకం, దాని మీద ఆశ్చర్యం. మహతి వంటి రాగం ఎత్తుకున్నప్పుడు శ్రోత రెండో సందర్భంలోకి వస్తాడు: దారి తెలియదు, కానీ వచ్చి నిలిచే చోటు షడ్జమమో పంచమమో కావడంతో ఊపిరి తిరుగుతుంది. ఇక కొత్త రాగాన్ని కొత్త తాళంలో, తెలియని సాహిత్యంతో పాడితే అయోమయం మీద ఆశ్చర్యం పడుతుంది. సభలో కొందరు లేచి కాఫీకి వెళ్లేది అప్పుడే. ఒకే విద్వాంసుడు ఒకే సాయంత్రం ఈ మూడు స్థితుల్లోకీ శ్రోతను తీసుకుపోగలడు.

మహతిని ఇంకొంచెం దగ్గరగా చూస్తే మరో సంగతి బయటపడుతుంది. రెండు శ్రుతికి దగ్గరగా మధ్య షడ్జమం సెకనుకు 150 కంపనాలు అనుకుంటే, తంబురలో మంద్ర షడ్జమపు తీగ 75 కంపనాలతో మోగుతుంది. మీటిన తీగ ఆ ఒక్క సంఖ్యతో ఆగదు. దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా మరిన్ని సన్నని ధ్వనులు, అంటే అనుస్వరాలు, దాంతోపాటే పుడతాయి. గుర్రం అనే చెక్క పీఠం మీద తీగ కింద నూలుపోగు దూర్చి సరిగ్గా అమర్చినప్పుడు తంబురలో వినిపించే గుంజారవం ఈ అనుస్వరాలదే. నాలుగో అనుస్వరం 300, అది తారస్థాయి షడ్జమం. ఐదోది 375, అంతర గాంధారం. ఆరోది 450, పంచమం. ఎవరూ మీటకుండానే తంబురలో గాంధారం పలుకుతుందని విద్వాంసులు చెప్పే స్వయంభూ గాంధారం ఆ ఐదో అనుస్వరమే. ఏడోది 525, తారస్థాయి కైశిక నిషాదానికి 16/9 నిష్పత్తితో లెక్కకట్టిన విలువ 533, అంటే ఏడో అనుస్వరం దానికి కాస్త కిందుగా, దాదాపు అక్కడే పడుతుంది. షడ్జమం, గాంధారం, పంచమం, నిషాదం: మహతిలోని నాలుగు స్వరాలూ తంబుర వెనుక అప్పటికే మోగుతున్న నాలుగు అనుస్వరాలకు అతి సమీపంలో ఉన్నాయి. అందుకే లక్షణం తెలియని చెవి కూడా మహతిని పరాయి రాగంగా భావించదు. అది ఆ కచేరీలో మొదటి క్షణం నుంచి వింటున్న నాదంలోని అంశాలనే గాయకుడు బయటికి తీసి చూపుతాడు. సినిమా పాటగా మహతి అంత సులువుగా జనంలోకి పోవడానికి గాయకుడి గొంతు, బాణీ ఎంత కారణమో ఈ భౌతిక శాస్త్రం కూడా అంత కారణమని భావించడానికి బలమైన ఆధారం ఉంది.

లవంగి అలాంటిది కాదు. అక్కడ షడ్జమం 150 అయితే దాని పక్కనే శుద్ధ రిషభం 160. రెండూ కలిసి మోగినప్పుడు సెకనుకు పది చొప్పున హెచ్చుతగ్గులు, భౌతిక శాస్త్రం విస్పందనాలు అనేవి, పుట్టి నాదం గరుకవుతుంది. తంబుర విడవకుండా మోగించే పంచమానికి రాగంలో చోటే లేదు. పాశ్చాత్య చెవికి ఇది కర్కశంగా తోచవచ్చు. అయితే గరుకుదనమంటే అయిష్టం పుట్టుకతో రాదని 2016లో జోష్ మెక్‌డెర్మాట్ బృందం బొలీవియా అడవుల్లోని చిమానే ప్రజల మధ్య చేసిన ప్రయోగం సూచించింది. పాశ్చాత్య సంగీతం పెద్దగా సోకని ఆ ప్రజలు శ్రావ్యమనే స్వరజంటలనూ కర్కశమనే జంటలనూ సమానంగానే మెచ్చుకున్నారు. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు మొట్టమొదట సాధన చేసే మాయామాళవగౌళలోనే శుద్ధ రిషభం ఉంది కనుక, సరళీ స్వరాలు పాడిన ఇళ్లలో పెరిగిన చెవికి షడ్జమ రిషభాల ఒరిపిడి పొద్దుటి పూట పరిచితమే. అంటే మహతిని ఎవరైనా ఎక్కడైనా అందుకోగలరు, లవంగిని అందుకోవడానికి ఒక పెంపకం కావాలి; ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి 'కొత్త రాగాలు' అని మెచ్చుకోవడమూ తిట్టడమూ రెండూ తొందరపాటే.

మరి ఆ పెంపకం దండిగా ఉన్న విద్వాంసులే ఎందుకు ఎదురుతిరిగారు? శ్రోత అంచనాలు రెండు రకాలని భరూచా వివరించారు: ఒక శైలిలో మామూలుగా ఏం జరుగుతుందన్న సాధారణ అంచనా ఒకటి, ఫలానా పాటలో తరువాత ఏం వస్తుందో జ్ఞాపకం ఉన్న నిర్దిష్ట అంచనా మరొకటి. వందసార్లు విన్న పాటలోని అనూహ్యమైన మలుపు నూటొకటోసారి కూడా ఒళ్లు జలదరింపజేయడానికి, నిర్దిష్ట జ్ఞాపకం ఉన్నా సాధారణ అంచనా తన పని తాను చేసుకుపోవడమే కారణం. విద్వాంసుడిలో దీనికి తోడు మరొకటి ఉంటుంది. అది వినికిడికి సంబంధించినది కాదు, వర్గీకరణకు సంబంధించినది. రాగం అనదగినది ఏదో, అనకూడనిది ఏదో అతడికి నియమంగా తెలుసు. నాలుగు స్వరాల గానం చెవికి హాయిగా ఉన్నా, దాన్ని రాగమన్నప్పుడు నియమం తిరగబడుతుంది. డోపమిన్ చెవి చేసిన అంచనాకు ప్రతిఫలమిస్తుందే తప్ప ఈ తగవును తీర్చదు. బాలచందర్ అభ్యంతరాన్ని అసూయగానో మొండితనంగానో చూసినవారు ఈ తేడాను గమనించలేదు. ఆయన వాదన శ్రావ్యత గురించి కాదు, అధికారం గురించి, అంటే రాగాన్ని ఒక మనిషి సృష్టించగలడా, లేక తరాల వాడుక సృష్టిస్తుందా అన్నదాని గురించి. దానికి ప్రయోగశాల జవాబు చెప్పలేదు.

డెల్టా మాత్రం బాలమురళిని అక్కున చేర్చుకుంది. ఇందులో ప్రాంతాభిమానం ఉందనడంలో సందేహం లేదు, కానీ అంతకంటే బలమైన కారణం గాలిలో ప్రయాణించింది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న ప్రారంభమైంది. బాలమురళి ఆ కేంద్రంలో పనిచేశారు, ఉదయం పూట ప్రసారమైన భక్తిరంజనితో ఆయన గొంతు విడదీయరానిదైంది, కొంతకాలానికి నగరంలో ఏర్పడిన ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖ చేపట్టిన బి.వి. కేస్కర్ ఆకాశవాణి నుంచి సినిమా పాటలను దాదాపు తొలగించడంతో, 1957లో వివిధభారతి వచ్చేవరకు రేడియో ఉన్న తెలుగు ఇంట శాస్త్రీయ, లలిత సంగీతాలూ తత్వాలూ తప్ప వేరే దారి లేకపోయింది. రేడియో సిలోన్ పట్టుకున్నవారి సంగతి వేరు. మచిలీపట్నంలోనూ గుడివాడలోనూ తెనాలిలోనూ పళ్లు తోముకుంటూ, పాలు కాచుకుంటూ, పొలానికి బయల్దేరుతూ జనం అదే గొంతును మళ్లీ మళ్లీ విన్నారు. టికెట్టు కొని కూర్చోలేదు, మెచ్చుకోవాలన్న ఒత్తిడి లేదు.

పదేపదే ఎదురుపడినదాని మీద ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జయోంక్ 1968లో చూపారు. అర్థం తెలియని పదాలు, అక్షరాలు, ముఖాల ఫోటోలు ఎక్కువసార్లు చూపిన కొద్దీ వాటి మీద మక్కువ పెరగడాన్ని ఆయన కేవల పరిచయ ప్రభావం అన్నారు. డానియెల్ బెర్లైన్ 1971లో దీనికి మరో అంచె చేర్చారు. మరీ సరళమైనది విసుగు పుట్టిస్తుంది, మరీ జటిలమైనది బెదరగొడుతుంది, ఇష్టం నడుమన శిఖరానికి చేరుతుంది. పదేపదే వింటే జటిలమైనది తేలికపడుతూ బెదరగొట్టే చోటు నుంచి శిఖరం వైపు జరుగుతుంది. అయితే తరువాతి ప్రయోగాల్లో ఒక మెలిక తేలింది: మొదటి పరిచయంలోనే అయిష్టం పుట్టినదాన్ని మళ్లీ మళ్లీ ఎదుట పెడితే అయిష్టమే పెరగవచ్చు. పునశ్శ్రవణం ఒక చీలిక దారి. తొలిసారి తటస్థంగా ఉన్నవారిని అభిమానులుగా, తొలిసారి నొచ్చుకున్నవారిని విరోధులుగా మారుస్తూ, మధ్యస్థులను మిగల్చకుండా పోతుంది. విలక్షణ సంగీతకారుల చుట్టూ మోస్తరు అభిప్రాయాలు కనబడకపోవడానికి ఇది ముఖ్య కారణాల్లో ఒకటి.

బీఫ్‌హార్ట్ ఆల్బమ్ ఇక్కడ చక్కగా సరిపోతుంది. వేర్వేరు కొలతల్లో నడిచే గిటార్లు, వాటితో కలవనట్టు వినిపించే గొంతు మొదటిసారి వినేవారికి చేతికొచ్చినట్టు వాయించిన గందరగోళంగా తోస్తాయి. నిజానికి ఆ బృందం లాస్ ఏంజెలెస్ శివార్లలోని ఒక ఇంట్లో నెలల తరబడి బయటికి రాకుండా సాధన చేసి, ప్రతి శకలాన్నీ కంఠస్థం చేసి వాయించింది. స్థిరమైన క్రమం ఉంది కనుక నాలుగైదుసార్లు విన్న చెవికి అంచనా పట్టిక తయారవుతుంది. 'ది సింప్సన్స్' కార్టూన్ సృష్టికర్త మ్యాట్ గ్రోనింగ్ ఆ ఆల్బమ్‌ను మొదట అసహ్యించుకుని, కొన్నిసార్లు విన్నాక దానికి దాసోహమన్న సంగతి చెప్పుకున్నారు. క్రమం లేని గందరగోళానికి ఈ భాగ్యం పట్టదు, ఎన్నిసార్లు విన్నా ఊహకు పట్టు దొరకదు. బాలమురళిలో కొత్తదనం వెనుక 72 మేళాల లెక్క ఉన్నట్టే, భక్తులను సంపాదించుకున్న ప్రతి విలక్షణ సంగీతంలోనూ మళ్లీ మళ్లీ వినేవారికి దొరికే క్రమం ఒకటి ఉండి తీరుతుంది.

డెల్టా చెవికి రేడియో కంటే ముందే మరో శిక్షణ ఉంది. పద్యనాటకంలో పద్యం చివర నటుడు తీసే దీర్ఘమైన రాగం, దానికి పడే వన్స్‌మోర్లు, హరికథకుడు ఒక్క ఊపిరిలో కీర్తన నుంచి మాటకూ మాట నుంచి దరువుకూ దూకడం, కూచిపూడి భాగవతుల వాచికం, మొవ్వ క్షేత్రయ్య పదాల సావధానపు నడక: ఇవన్నీ వినిపించే ఊళ్లలో పెరిగిన శ్రోతకు గాయకుడు ఉన్నట్టుండి దారి మార్చడం, గొంతుతో నాటకం నడపడం తప్పుగా తోచదు, సరికదా దానికోసమే ఎదురుచూస్తాడు. మద్రాసు సభల్లో పల్లవి నిర్వహణ మీదా పాఠాంతర శుద్ధి మీదా అంచనాలు పెంచుకున్న శ్రోతకు అదే చర్య చాపల్యంగా అనిపించవచ్చు. అయినా మద్రాసు బాలమురళిని కాదనలేదు, మ్యూజిక్ అకాడమీ 1978లో సంగీత కళానిధి ఇచ్చింది. రెండు చోట్ల ఉన్నది రెండు రకాల పెంపకం, ఒకటి మెరుగైనదీ మరొకటి తక్కువదీ అనడానికి ఆధారం లేదు.

వయసు పాత్ర కూడా చిన్నది కాదు. పాటల మీద ఇష్టం ఇరవైల తొలి సంవత్సరాల్లో విన్నవాటి దగ్గర శిఖరానికి చేరుతుందని మోరిస్ హోల్‌బ్రుక్, రాబర్ట్ షిండ్లర్ 1989లో చూపారు. 1950లలో ఆ వయసులో ఉన్న తరమే డెల్టాలో బాలమురళికి అత్యంత విధేయమైన శ్రోతృవర్గం కావడంలో వింతేమీ లేదు. పక్కవారి మెప్పు ప్రభావం ఇంకా పెద్దది. 2006లో మాథ్యూ సాల్గనిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ 14 వేలకు పైగా మనుషులకు పేరు లేని బృందాల 48 పాటలు అందించి, కొందరికి ఇతరుల ఎంపికలు కనబడేలా, కొందరికి కనబడకుండా చేశారు. కనబడిన చోట్ల హిట్టయినవి మరింత హిట్టయ్యాయి, ఏవి హిట్టవుతాయో మాత్రం ఒక్కో సమూహంలో ఒక్కో రకంగా మారింది. అత్యుత్తమమైనవి అరుదుగా తప్ప అడుగున పడలేదు, మరీ నాసివి అరుదుగా తప్ప పైకి రాలేదు, ఆ నడుమ ఏదైనా జరగవచ్చునని తేలింది. ఇక, ఏ సంగీతానికీ చలించనివారు ఉంటారన్నది కూడా నిజం. వినికిడి, తెలివి, ఇతర సుఖాల అనుభవం అన్నీ సవ్యంగా ఉండి సంగీతం నుంచి మాత్రం ప్రతిఫలం అందని స్థితిని బార్సిలోనా పరిశోధకులు 2014లో వివరించారు. అలాంటివారు జనంలో కొద్దిశాతమే అయినా, సభలో పక్క కుర్చీలో కూర్చున్న మనిషి ఉదాసీనతను అరసికతగా తేల్చే ముందు ఆ సంగతి గుర్తుంచుకోవడం న్యాయం.

ఇంతవరకు చెప్పినదాంట్లో కొంత విదేశీ ప్రయోగాల నుంచి డెల్టాకు చేసిన ఊహ. దాన్ని పరీక్షించడం కష్టం కాదు, విజయవాడలోనే చేయవచ్చు. సంగీత కళాశాల విద్యార్థులు, సంగీతం నేర్చుకోకపోయినా రేడియో వింటూ పెరిగిన పెద్దలు, ఈ రెండూ లేని యువకులు అనే మూడు వర్గాలను తీసుకుని, గాయకుడి పేరు చెప్పకుండా, గొంతుకు బదులు వయోలిన్ మీద, మహతి, లవంగి రాగాల్లో సమానమైన నిడివి గల ఆలాపనలు వినిపించాలి. ప్రతి వర్గంలోనూ సగం మందికి ఒక్కసారి, తక్కిన సగానికి రెండు వారాలపాటు రోజూ ఉదయం, వేరే పని చేసుకుంటుండగా వినిపించి, చివర అందరి చేతా మార్కులు వేయించాలి. తంబుర అనుస్వరాల వాదన సరైనదైతే మొదటి వినికిడిలో మహతికి మూడు వర్గాలూ దాదాపు ఒకే మార్కు ఇవ్వాలి, లవంగి దగ్గర మాత్రం యువకులు వెనకబడాలి. చీలిక దారి వాదన సరైనదైతే రెండు వారాల తరువాత లవంగి మార్కులు నడుమ నుంచి తొలగి రెండు కొసలకూ చేరాలి. యువకులు లవంగిని మహతితో సమానంగా మొదటిసారే మెచ్చుకుంటే తంబుర లెక్క తప్పని ఒప్పుకోవాలి. రెండు వారాల వినికిడి ఎవరి మార్కునూ కదిలించకపోతే, భక్తిరంజనికి ఇక్కడ ఇచ్చిన వాటాను వెనక్కి తీసుకుని బాలమురళి గొంతుకే కట్టబెట్టవలసి వస్తుంది.